కొళాయి నీళ్ళ కక్ష

గురువారం పొద్దున తొమ్మిదింటికి మా వీధిలో ఏ వరండా చూసినా ఏసీల్లో దుమ్ము పట్టే జాలీలు నీడపట్టున ఆరుతూ కనిపిస్తాయి. ఎండు చేపలు ఆరబెట్టినట్టు గోడకి వరసగా ఆనించి ఉంటాయి. ఏ ఇంటి ముందరైనా జాలీ కనపడకపోతే పక్కింటామె గోడ మీంచి కేకేస్తుంది.

"ఏమ్మా, ఉమ్ గాయిబ్ చచ్చిపోయిందనుకున్నావా?"

ఉమ్ గాయిబ్ చావలేదు. అరవై మూడేళ్ళ మనిషి, నిక్షేపంగా ఉంది. భుజాన తోటమాలులు మందు కొట్టే పంపు, అందులో మంచినీళ్ళు, చేతిలో మెత్తటి పెయింటు బ్రష్షు, నల్లటి అబాయా కొంగుకి ముడేసిన స్క్రూడ్రైవరు. ఇళ్ళల్లో ఏసీలు పాడవకుండా చూడటం ఆమె పని. పాడైనవి బాగుచేయడం కాదు, అసలు పాడవనివ్వకపోవడం. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాలోనే ఆమె పగంతా ఉంది. పుణ్యానికి చేస్తోందని మా ఊళ్ళో అనుకునేవాళ్ళున్నారు. పుణ్యమూ లేదు, పాడూ లేదు. అది పగ. ఆ పగలో నాకూ కాస్త వాటా ఉంది కాబట్టి నాకు తెలుసు.

ఆమె అసలు పేరు బద్రియా. మా బస్రా ఊళ్ళో పిల్లలున్న ఆడదాన్ని పెద్దకొడుకు పేరు కలిపి ఫలానావాడి తల్లి అని పిలుస్తారు. పిల్లలు లేనిదాన్ని కూడా ఊరికే వదలరు. ఉమ్ గాయిబ్ అంటారు, ఇంకా రానివాడి తల్లి అని. ఆ రానివాడు రానేలేదు. వాడి తండ్రి చాసిబ్ మాత్రం ఉండేవాడు. రేవులో క్రేను నడిపేవాడు. "మా వాడు అచ్చం వాళ్ళమ్మ పోలికే, ఎన్నిసార్లు పిలిచినా పలకడు" అని అందరి ముందూ అనేవాడు. ఆమె చెప్పు తీసి విసిరేది. అది తగలకుండా తప్పుకుని, తిరిగి తెచ్చి ఆమె కాలికి తొడిగేవాడు. పిల్లలు లేని ఇంట్లో అంత నవ్వు ఎలా వినపడేదో మాలో చాలామందికి అర్థం కాలేదు. నేను లెక్కల టీచర్ని, ఇరవై తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను. నాకూ ఆ లెక్క తేలలేదు.

ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పెళ్ళికి వచ్చిన మిషనే ముప్పై అయిదేళ్ళు నడిచింది. ప్రతి గురువారం దాన్ని విప్పి, దూది తీసి, బ్రష్షుతో తుడిచి నూనె వేసేది. "మిషను ఒక్కరోజులో చావదు టీచరమ్మా. రోజూ కాస్త కాస్త చస్తుంది. మనం చూడం, అంతే" అనేది. ఆ మాట తన మీదికే వస్తుందని అప్పుడు ఆమెకు తెలియదు.

చాసిబ్‌కి అరవై రెండో ఏట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచంలో పడ్డ మనిషికి మా వేసవి ఎంత ప్రమాదమో డాక్టరు చెప్పాడు. ఆమె గాజులు అమ్మి ఏసీ కొన్నది. బిగించడానికి ఫాలిహ్ వచ్చాడు.

ఫాలిహ్ గురించి చెప్పాలి. వంతెన అవతల వాడి కొట్టు. నలభై ఏళ్ళు ఉంటాయి, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని చొక్కా. నోరు తెరిస్తే ఖర్జూరప్పాకమే. ఏ ఇంటికెళ్ళినా ముసలాళ్ళ చేతులు ముద్దు పెట్టుకునేవాడు. ఆ రోజు చాసిబ్ నుదురు కూడా ముద్దు పెట్టుకున్నాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి, ఆమెకి ఒక సలహా ఇచ్చాడు. ఎదురింటి గుమ్మంలో ఉన్న నాకూ వినపడింది.

"అక్కా, బయట పెట్టిన యూనిట్టూ మనిషిలాంటిదే. దానికీ ఎండదెబ్బ తగులుతుంది. రోజూ సాయంత్రం కొళాయికి గొట్టం తగిలించి స్నానం చేయించు. ఒళ్ళు చల్లగా ఉంటే పదేళ్ళు తిరిగి చూడక్కర్లేదు."

"రోజూనా బాబూ?"

"రోజూ. బావగారికి చేయించినట్టే."

మా కొళాయి నీళ్ళ సంగతి మా పసిపిల్లల్ని అడిగినా చెప్తారు. సముద్రం నదిలోకి ఎగదన్ని, నది గొట్టాల్లోకి వచ్చి, నోట్లో పోసుకుంటే ఊసేయాలి. తాగడానికీ వంటకీ బండి మీద వచ్చే మంచినీళ్ళు కొనుక్కుంటాం. కొళాయి నీళ్ళతో టీ పెట్టిన ఒక కొత్తకోడలి కథ మా వీధిలో ఇరవయ్యేళ్ళుగా చెప్పుకుంటున్నారు. ఇంత తెలిసీ, నాలుక మనకేగానీ ఇనుముకెక్కడిది అనుకున్నాం. వీధి వీధంతా సాయంత్రం అయితే గొట్టాలు పట్టుకునేవాళ్ళం. నేనూ పట్టుకున్నాను. నీళ్ళు పడగానే యూనిట్టు మీంచి ఆవిరి లేచేది. చూడటానికి ఎంతో హాయిగా ఉండేది.

ఉమ్ గాయిబ్ రెండు వేసవులు ఒక్కరోజు తప్పలేదు. ముందు మొగుడికి ఒళ్ళు తుడిచేది, తర్వాత ఏసీకి స్నానం చేయించేది.

మూడో వేసవిలో, జులై నెలలో, ఒక మంగళవారం పదకొండింటికి గదిలో చల్లగాలి ఆగి వేడిగాలి మొదలైంది. బయట ఎండ యాభై ఒక్క డిగ్రీలు. ఆమె ఫాలిహ్‌కి ఫోన్ చేసింది. "బయల్దేరుతున్నా అక్కా" అన్నాడు. పన్నెండింటికి మళ్ళీ చేసింది. "నమాజు చేసి వస్తున్నా" అన్నాడు. ఒంటిగంటకి ఫోన్ ఎత్తలేదు. నేను పరుగెత్తి వెళ్ళాను. ఇద్దరం దుప్పట్లు తడిపి కప్పాం, అవి కప్పుతుండగానే ఆరిపోయాయి. ఫ్యాను వేస్తే కొలిమి మీద ఊదినట్టుంది. అంబులెన్సు ఊరికి ఇంకో చివర ఉందన్నారు. పక్కవీధిలోంచి కారు దొరికి వచ్చేసరికి ఒంటిగంటా నలభై. చాసిబ్ అప్పటికే పోయాడు. రెండు గంటల నలభై నిమిషాలు. అంత మాటకారి, చివర్లో ఆమె వంక చూసి ఏదో అనబోయాడు. పెదవులు అంటుకుపోయి మాట రాలేదు.

ఫాలిహ్ మూడున్నరకి వచ్చాడు, భోజనం చేసి, పళ్ళు కుట్టుకుంటూ. డాబా ఎక్కి చూసి దిగాడు.

"కంప్రెసర్ కాలిపోయింది. ఈ ఎండకి ఏం నిలుస్తుందక్కా? అంతా దేవుడి రాత" అన్నాడు.

మూడోరోజు పరామర్శ డేరాలో కూర్చుని మా చేదు కాఫీ తాగుతూ, పక్కవాళ్ళతో "ఏసీ మార్చుకోమని ముందే చెప్పాను, వినలేదు పాపం" అన్నాడట. వాడు ఎన్నడూ చెప్పలేదు.   అన్ని రోజుల్లోనూ ఆమె ఏడవలేదు.

నలభయ్యోరోజు దాటాక ఆమె ఆ చచ్చిన యూనిట్టుని డాబా మీంచి దింపించి, హన్నా మేస్త్రీ ఇంటికి తీసుకెళ్ళింది. రేవులో చేపల శీతలగిడ్డంగి యంత్రాలు చూసి రిటైరైన ముసలాయన, అశారు పేటలో ఉంటాడు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వేడిని బయటికి తోసే సన్నటి రేకుల మీద గోరు పెట్టి గీకాడు. రేకులు తెల్లటి పిండిలా రాలాయి.

"ఒక రవ్వ నాలుక మీద వేసుకో అమ్మా" అన్నాడు.

వేసుకుంది.

"ఏంటది?"

"ఉప్పు."

"కొళాయి నీళ్ళతో కడిగావు కదూ? నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది? రేకుల్ని తినేసింది. రేకులు పోయాక వేడి బయటికి పోదు. లోపల కంప్రెసర్ ఊపిరాడక చచ్చింది."

"ఈ సంగతి ఏసీలు బిగించేవాళ్ళకి తెలుస్తుందా మేస్త్రీగారూ?"

హన్నా మేస్త్రీ నవ్వాడు. "బస్రాలో ఏసీ ముట్టుకున్నవాడికి తెలియకుండా ఎట్లా ఉంటుందమ్మా? చేపలు పట్టేవాడికి వల ఏంటో తెలీదంటావా?"

ఆమె ఆ పిండిని ఒక గాజుసీసాలో ఎత్తుకుంది. తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో నా చెయ్యి పట్టుకుని అన్న మాట నాకింకా గుర్తుంది.

"వాడు చంపినా నాకు ఇంత మంట ఉండేది కాదు టీచరమ్మా. నా చేత్తో చంపించాడు. రోజూ సాయంత్రం పాటలు పాడుకుంటూ పోశాను. వాడికి తెలుసు. తెలిసీ పోయించాడు. ఆ మాట వాడి నోటితో, పదిమంది ముందు చెప్పిస్తాను. అంతవరకు నాకు చావు లేదు."

ఉమ్ గాయిబ్ వాళ్ళన్న పెద్దల్ని కూర్చోబెట్టి రక్తపరిహారం అడుగుదామన్నాడు. "డబ్బు నాకెందుకు? మాట కావాలి" అంది. ఫాలిహ్ తరఫువాళ్ళు నవ్వారు. ఎండకి పోయిన రోగి మనిషికి పరిహారమేమిటి, వాడు మంచికే చెప్పాడు, ఉప్పు సంగతి వాడికేం తెలుసు అన్నారు. ఊరు కూడా అదే అంది. "పోనీలే వదినా, పాపం వాడికి తెలిసి చేశాడా?" ఈ ఒక్క మాట ఆమెని కాల్చుకు తింది. నాలుగేళ్ళు.

ఫాలిహ్ తిండి ఎక్కడినుంచి వస్తోందో ఆమె కనిపెట్టింది. ఏసీలు చెడిపోతేనే వాడు బతుకుతాడు. అయితే చెడిపోనివ్వకూడదు. హన్నా మేస్త్రీ దగ్గర ఆర్నెల్లు నేర్చుకుంది. కుట్టుమిషను విప్పిన చేతులు, ఇట్టే పట్టేసింది. ఫిబ్రవరిలో, దుమ్ము గాలులు మొదలుకాకముందే, పంపు భుజాన వేసుకుని మా వీధిలో మొదటి తలుపు కొట్టింది. ఆ తలుపు నాదే.

"బ్రేకరు కట్టేయి. నీ కొళాయి గొట్టం కూడా తే" అంది. తెచ్చాను. నా కళ్ళముందే కత్తితో మూడు ముక్కలు కోసి చెత్తలో వేసింది.

"ఒసేయ్, పూలమొక్కలకి కావాలే!"

"మొక్కలు చచ్చినా పరవాలేదు."

ఆమెకి ఒక వీలు ఉంది. ఇంట్లో మగవాడు లేనప్పుడు పరాయి మెకానిక్కు గడప దాటడానికి మా దగ్గర లేదు. పొద్దున ఏసీ మూలిగితే, మొగుడు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ లోపల చిన్న జబ్బు పెద్దదవుతుంది. ఫాలిహ్‌కి కావలసింది కూడా అదే. ఉమ్ గాయిబ్‌కి ఏ తలుపు అడ్డం? పొద్దున ఎనిమిదింటికి మగవాళ్ళు పోగానే తట్టి, నేరుగా పడగ్గదిలోకే వెళ్ళేది. వెళ్ళిందంటే తిట్లు మొదలు.

"పదహారులో పెట్టి దుప్పటి కప్పుకు పడుకునే షేకమ్మవి నువ్వేనా? ఇరవై అయిదు చాలు. గాడిద మీద కూడా ఇంత బరువు వేయరు!"

"పిల్లాడు ఉక్కపోస్తోందంటాడు వదినా..."

"జాలీ చూడు, నీ మొగుడి గడ్డంలా ఉంది. గాలెట్లా వస్తుంది? గురువారం గురువారం కడుగు. నీడలో ఆరబెట్టు, ఎండలో పెడితే వంకర్లు పోతుంది. కరెంటు పోయి వచ్చిందనుకో, రాగానే మీట నొక్కకు. అయిదు నిమిషాలు ఆగు. ఆ అయిదు నిమిషాలు దేవుణ్ణి తలుచుకో, ఆ పుణ్యం నీకే, కంప్రెసరూ దక్కుతుంది. వోల్టేజీ చాలని వీధి జనరేటరు మీద ఏసీ వేశావా, నీ గాజులు అమ్ముకున్నట్టే."

"మరి గ్యాస్ అయిపోయిందన్నాడే ఫాలిహ్? ప్రతి ఏడూ పోస్తాడు."

ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉండేది. పనిలో ఉన్నదల్లా తిరిగి, నడుం మీద చెయ్యి వేసేది.

"ఏసీ గ్యాస్ తాగదమ్మా. టీ కాదు తరిగిపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉంది. చిల్లు మూయకుండా గ్యాస్ పోసేవాడు మెకానిక్కు కాదు, దొంగ."

ఏసీ గ్యాస్ తాగదు. ఆ మాట వంతెన దాటింది. కూరగాయల బజారులో ఆడవాళ్ళు దాన్ని సామెతలా వాడటం మొదలుపెట్టారు. డాబాల మీద బయటి యూనిట్లకి జమ్ముచాపల పందిళ్ళు లేచాయి, పక్కలు మూయకుండా, నెత్తిన నీడ మాత్రం పడేలాగా. మార్చిలో ఒకసారి, దుమ్ముతుఫాను వచ్చిన మర్నాడల్లా ఒకసారి, మంచినీళ్ళతో రేకులకి మెల్లగా స్నానం. మొదటి వేసవిలో మా వీధి నుంచి ఫాలిహ్‌కి పడ్డ ఫోన్లు మూడు. రెండో వేసవిలో ఒక్కటీ లేదు. ఆ లెక్క నేను వేశాను, సంతోషంగా వేశాను.

వాడు ఊరుకోలేదు. ఆడది కరెంటు ముట్టుకుంటోంది, ఎవరింట్లోనో శవం లేస్తుంది చూడండి అని ప్రచారం చేశాడు. ఒకరోజు చేపల బజారులో ఎదురుపడ్డాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏం ఉమ్ గాయిబ్, మనుషులు పుట్టలేదని ఏసీలు పెంచుకుంటున్నావా?"

చేపలవాళ్ళు నవ్వబోయి ఆగిపోయారు. ఆమె చేతిలో చేపని తిప్పి తిప్పి చూసి, మొప్పలు ఎత్తి చూపించింది.

"నిన్నటి చేప. పైకి నిగనిగలాడుతోంది, లోపల కుళ్ళింది. నీ చుట్టమా బాబూ?"

బజారంతా ఈలలు వేసింది. ఆ సాయంత్రం మాత్రం ఇంటికొచ్చి, వాడన్న మాట తలుచుకుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. నేను పక్కన కూర్చుని, వాణ్ణి నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. టీచరుగా నాకు అన్ని తిట్లు తెలుసని ఆ రోజే తెలిసింది.

ఇంత జరిగినా ఊరు ఆ పాతపాటే పాడింది. దొంగ అయితే అయ్యుండొచ్చు, ఉప్పు సంగతి తెలిసి మాత్రం చేసి ఉండడు అని.

నాలుగో ఏడు ముహర్రం నడివేసవిలో వచ్చింది. యుద్ధంలో బలైన హుసేన్ కోసం పది రోజులు ఇంటింటా ఆడవాళ్ళ శోకసభలు జరుగుతాయి. తలుపు తెరిచి ఉన్న ఏ ఇంటికైనా ఎవరైనా వెళ్ళొచ్చు, శత్రువైనా సరే. ఆరోరోజు సభ ఫాలిహ్ ఇంట్లో. ఉమ్ గాయిబ్ పంపు ఇంట్లో పెట్టి, అబాయా సర్దుకుంది.

"నువ్వక్కడికా?" అన్నాను.

"హుసేన్ కోసం ఏడవడానికి వాడి అనుమతి కావాలా? పద."

ఫాలిహ్ భార్య నజ్లా మంచిపిల్ల. ఎవరొచ్చారో కూడా చూడకుండా అందరికీ వంగి వంగి చల్లటి షర్బతు ఇస్తోంది. మొగుడి వ్యవహారాలు ఆమెకి తెలియవు, వంతెన ఇవతలికి ఎప్పుడూ రాలేదు. చేతులు కడుక్కోవడానికని ఉమ్ గాయిబ్ పెరట్లోకి వెళ్ళింది. వెనకే నేను. గోడకి బయటి యూనిట్టు బిగించి ఉంది. ఆమెదీ ఇదీ ఒకే కంపెనీ, ఒకే ఏడు కొన్నవి. దగ్గరికెళ్ళి, రేకుల మీద వేలు ఆనించింది. నిన్న డబ్బాలోంచి తీసినట్టు తళతళలాడుతున్నాయి. పక్కనే నీలం రంగు మంచినీళ్ళ క్యాను, దాని మూతికి చిన్న గొట్టం.

సభలోకి తిరిగి వచ్చి కూర్చుని, శోకగీతాలు పాడే ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, అందరికీ వినపడేలా అడిగింది.

"నజ్లా, మీ ఏసీ కొత్తదా తల్లీ? మెరిసిపోతోంది."

నజ్లా మొహం విప్పారింది. "ఇది ఏడో వేసవి పిన్నీ. ఆయన ఒక్కచుక్క కొళాయి నీళ్ళు తగలనివ్వరు. కొత్తలో నేనొకసారి గొట్టం పట్టానని రెండు రోజులు మాట్లాడలేదు. 'ఉప్పు తినేస్తుందే మొద్దూ, రెండేళ్ళలో పిండి అయిపోతుంది' అని అరిచారు. మంచినీళ్ళు ఆయనే మోసుకొచ్చి పోస్తారు."

గదిలో ముప్పై మంది. అందులో సగంమంది ఇళ్ళలో వాడి సలహా మీద గొట్టాలు పట్టినవాళ్ళే. ఒక్కొక్కరే షర్బతు గ్లాసు కింద పెట్టేశారు. పాడే ఆమె మళ్ళీ ఎత్తుకోలేదు. నజ్లా తనేం తప్పు మాట్లాడిందో తెలియక అందరి మొహాలూ చూసింది. ఉమ్ గాయిబ్ లేచి, ఆ పిల్ల నుదురు ముద్దు పెట్టుకుంది.

"నీ నోరు చల్లగుండ తల్లీ" అంది.

ఆ మాట ఊరంతా పాకి, ఆ నెలాఖరుకి ఫాలిహ్ కొట్టుకి తాళం పడింది. ఆ తర్వాత కబురు వచ్చింది, పెద్దలు వస్తున్నారని. వాళ్ళ తెగ పెద్ద హాజీ మతర్, ఇంకో నలుగురు ముసలాళ్ళు, ఫాలిహ్. శుక్రవారం, నమాజు తర్వాత.

ఆ రోజు నేను వంటింట్లో ఆమెకి సాయంగా ఉన్నాను. కాఫీ పెద్దపాత్ర నాకు అప్పగించింది. పక్కపొయ్యి మీద ఒక చిన్నపాత్ర ఆమే పెట్టుకుంది, నన్ను ముట్టనివ్వలేదు. "ఇదెందుకే?" అంటే, "ఒక్క కప్పుకి" అంది. తర్వాత ముందుగదిలోకి వెళ్ళి, పొద్దుట్నుంచీ నడుస్తున్న కొత్త ఏసీ ఆపి, కిటికీలు మూసి వచ్చింది.

వాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆమె అన్నగారు మొదటి కప్పు పోసి హాజీ మతర్‌కి ఇచ్చాడు. ఆయన తాగకుండా కింద పెట్టాడు. ఏదైనా కోరి వచ్చినవాళ్ళు అలాగే పెడతారు. అడిగింది ఇచ్చేదాకా మీ కాఫీ ముట్టం అని అర్థం. ఆ కప్పు కింద ఉన్నంతసేపూ మిగిలినవాళ్ళెవరూ తాగరు. కోరిక కాదని, కాఫీ తాగించకుండా పంపిన ఇల్లు తలెత్తుకోలేదు.

అయిదు నిమిషాలకే ముసలాళ్ళు తలగుడ్డల కొసలతో మెడలు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"కరెంటు పోయిందా అమ్మా?" అన్నాడు హాజీ మతర్.

ఉమ్ గాయిబ్ గుమ్మంలో నిలబడింది. "పోలేదు హాజీగారూ. నేనే తీశాను. నా మొగుడు ఈ గదిలోనే రెండు గంటల నలభై నిమిషాలు పడుకున్నాడు. మీరు కాసేపు కూర్చోండి." తాటాకు విసనకర్ర ఒక్కటే తెచ్చి, ఆ పెద్దాయన చేతికి మాత్రం ఇచ్చింది.

హాజీ విసురుకుంటూ వచ్చిన పని చెప్పాడు. "ఈ అబ్బాయి బతుకు వీధిన పడింది. నీకు కావలసిన పరిహారం అడుగు, ఇస్తాం. వీడి పేరు నీ నోట్లోంచి తీసేయి. అదే మా కోరిక."

"పరిహారం వద్దు. ఒక్క మాట. కొళాయి నీళ్ళు రేకుల్ని తినేస్తాయని తెలిసే నాచేత పోయించానని చెప్పమనండి. చెప్తే మీ కోరిక ఇచ్చినట్టే."

"నాకు తెలీదు!" ఫాలిహ్ ఇస్త్రీ చొక్కా అప్పటికే వీపుకి అంటుకుపోయింది. "దేవుడి మీద ఒట్టు, మంచికే చెప్పాను. దేవుడి మీద ఒట్టు, దేవుడి మీద ఒట్టు!"

ఆమె గాజుసీసా తెచ్చి, తాగని కాఫీ కప్పు పక్కన పెట్టింది. నాలుగేళ్ళనాటి తెల్లటి పిండి. తర్వాత గదిలో మూలన ఉన్న మొగుడి మంచం వైపు చూసి అంది.

"దేవుడు దయగలవాడు హాజీగారూ, దొంగ ఒట్లన్నీ క్షమిస్తాడు. అబ్బాస్ మీద వేయమనండి."

గదిలో గాలి లేదు, అయినా ఇంకా ఏదో ఆగిపోయినట్టయింది. దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడేవాళ్ళు మా బస్రాలో బజారుకి పదిమంది ఉంటారు. హుసేన్ తమ్ముడు, వీరుడు అబ్బాస్ మీద వేసేవాడు లేడు. ఆయనకి రోషం ఎక్కువ. దొంగ ఒట్టు వేసినవాడు గుమ్మం దాటకముందే నోరు వంకరపోతుందని మా నమ్మకం. చిన్నప్పుడు అలా వంకరపోయిన నోళ్ళ కథలు వినని వాడు అక్కడ ఎవడూ లేడు.

"వెయ్యి నాయనా" అన్నాడు హాజీ మతర్. "వేస్తే మేం లేచి వెళ్ళిపోతాం. ఈమె ఇక నోరెత్తదు."

ఫాలిహ్ చెయ్యి ఎత్తాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది. పెదవులు కదిపాడు, మాట రాలేదు. వంటింటి తలుపు సందులోంచి చూస్తున్న నాకు చాసిబ్ ఆఖరి క్షణం గుర్తొచ్చింది. పెదవులు అంటుకుపోవడం అంటే ఏమిటో వీడికీ తెలియాలనుకున్నాను. తెలిసింది. చెయ్యి దించేశాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?" అంది ఆమె. "వంటింట్లో టీచరమ్మకి వినపడలేదు."

"కొళాయి నీళ్ళు పోస్తే రెండు మూడేళ్ళలో పాడవుతుందని తెలుసు. తెలిసే చెప్పాను. అందరికీ అదే చెప్పాను."

హాజీ మతర్ విసనకర్ర ఆపేశాడు.  ఫాలిహ్ వంక చూడకుండా, ఆమెకేసి తిరిగి తలవంచాడు.

"ఇచ్చాను హాజీగారూ" అంది ఉమ్ గాయిబ్. "ఇక ఆ పేరు నా నోటెంట రాదు. కావలసిన మాట వాడి నోట్లోంచే వచ్చింది. కాఫీ తాగండి."

ఆయన తన కప్పు తీసుకుని తాగాడు. మిగిలిన నలుగురూ తాగారు. అప్పుడామె వంటింట్లోకి వచ్చి, చిన్నపాత్ర తీసుకుని వెళ్ళి, తన చేత్తోనే ఫాలిహ్‌కి కప్పు నిండా పోసింది.

వాడు ఒక గుక్క తాగి ఆగిపోయాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటూ ఇటూ చూశాడు. ఒప్పందం కుదిరిన ఇంట్లో, పెద్దల ముందు, ఆ ఇంటి కాఫీ ఊసేస్తే ఒప్పందం మీద ఊసినట్టే. అప్పుడు నాకు అర్థమైంది, ఆ చిన్నపాత్రలో పట్టింది కొళాయి నీళ్ళని.

"తాగు బాబూ" అంది ఆమె. గొంతులో ఖర్జూరప్పాకం. "నాచేత రెండు వేసవులు పోయించావు. నీకు ఒక్క కప్పే."

వాడు అడుగుదాకా తాగాడు. ఆమె ఖాళీ కప్పు చేతిలోకి తీసుకుని, లోపల చూసి, అప్పుడు వెళ్ళి ఏసీ వేసింది. ఇరవై అయిదులో.